మీసాల సొర

మన లైబ్రరీలో సముద్రం బొమ్మల పుస్తకం ఉంది కదా, అందులో సొరచేప కనపడగానే చెల్లెళ్లు కొందరు భయపడి పుస్తకం మూసేస్తున్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. అది నర్సు సొర. మనుషుల్ని వేటాడే రకం కాదు.

దాన్ని పోల్చుకోవడం సులువు. ఒళ్లు గోధుమ రంగు. ముక్కు దగ్గర రెండు మీసాలు, మన గెడ్డలో జెల్లకి ఉన్నట్టే. నోరు చిన్నది. వీపు మీద రెక్కలు రెండూ గుండ్రంగా, బాగా తోక వైపుకి జరిగి ఉంటాయి. 3 మీటర్ల దాకా పెరుగుతుంది. అమెరికా ఖండం పక్కన కరిబియన్ సముద్రంలో, బహామాస్, బెలీజు దగ్గర పగడపు దిబ్బల్లో ఉంటుంది. మన లక్షద్వీప్, అండమాన్ దగ్గర ఉన్నది దీని చుట్టం. దాని రెక్కల కొసలు కోసుగా ఉంటాయి.

పగలు రాతి అరల కింద ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి, చలికాలంలో మన హాస్టల్లో మనలాగే! చీకటి పడ్డాక లేచి పీతల్నీ, చిన్న చేపల్నీ చటుక్కున నోట్లోకి పీల్చేస్తాయి. అక్కడి చేపలన్నిటికీ ఇలా వేళలున్నాయి. పెద్ద కళ్ల ఎర్ర చేపలు పగలు కన్నాల్లో దాక్కుంటాయి. చిలక ముక్కు చేప పగలు పగడం గీకి తింటుంది. రాత్రి అందులో కొన్ని రకాలు ఒంటి చుట్టూ జిగురు సంచి అల్లుకుని నిద్రపోతాయి. ఇంకో వింత, పెద్ద చేప నోరు తెరుచుకుని నిలబడితే బుల్లి చేప లోపలికెళ్లి పురుగులు ఏరుకు తింటుంది. దాన్ని మాత్రం మింగదు. గేదె మీద కొంగ వాలినట్టే అన్నమాట.

సంక్రాంతి సెలవుల్లో ఇదంతా మా అయ్యకి చెప్పాను. అయ్య బడి మొహం చూడలేదు. వల బాగుచేసుకుంటూ విని, "గెడ్డలో చేప నీటికి ఎదురుగా నిలబడతాది. రాయి కింద నీరు పారదు కదమ్మా, మరి దానికి ఊపిరెలాగ?" అన్నాడు. నాకెంత సంతోషమైందో! సరిగ్గా అదే పుస్తకంలో ఉంది. కొన్ని సొరలు ఈదుతూ ఉంటేనే మొప్పలకి నీరు అందుతుంది. నర్సు సొర మాత్రం కదలకుండానే నోటితో నీరు లాగి మొప్పల్లోంచి వదులుతుంది. "అయితే మన జెల్లే" అని నవ్వాడు అయ్య. ఈ ఏడుతో చదువు చాలు అనేవాడు. మర్నాడు అమ్మతో, పది దాకా చదవనీ అన్నాడట.

కదలదు కదా అని దాని తోక పట్టుకు లాగకూడదు. కరిస్తే ఓ పట్టాన వదలదు. పుస్తకం బీరువాలో రెండో అరలో ఉంది. తడి చేతులతో తియ్యకండి.