పులికాట్‌లో ఉప్పు చెప్పినట్టే

మంగంపేట ముగ్గురాయి (బెరైట్) గని అంచున నిలబడితే మెట్లు మెట్లుగా లోతుకు దిగిన బూడిదరంగు గోడలు కనిపిస్తాయి. వంద కోట్ల ఏళ్లకు పైబడిన సముద్రపు అడుగు అది. ఆ కాలానికి భూమ్మీద జంతువులే లేవు. ఇప్పటి సముద్రాల్లో మాత్రం ప్లవకాలు, అంటే నీళ్లలో తేలియాడే చిన్న జీవులు, చచ్చి కుళ్లేచోట ఇదే బెరైట్ సూక్ష్మ స్ఫటికాలుగా తయారవుతుంది. అది చదివినప్పటినుంచి బతికున్న ప్లవకాలను కళ్లారా చూడాలనిపించింది. మావైపు నుంచి దగ్గరి ఉప్పునీళ్ల సరస్సు పులికాటే. కోడూరు, రేణిగుంట మీదుగా తడ చేరాను.

ఫిబ్రవరి నెల. భీములవారిపాళెంలో జంతుశాస్త్రం చెప్పే మిత్రుడూ ఆయన విద్యార్థులూ పడవ సిద్ధం చేసి ఉంచారు. పల్చటి గుడ్డతో కుట్టిన గరాటు లాంటి వలను నీళ్లలో నెమ్మదిగా లాగారు. చివరనున్న సీసాలో మిగిలింది కాస్త గంజి రంగు నీరు. అందులో ఒక చుక్క భూతద్దం కింద పెట్టగానే అంతా కదలికే. కోపెపాడ్ అనే జీవి, మిల్లీమీటరు కూడా లేదు. తల మీద ఒకే ఒక ఎర్రటి కన్ను, రెండువైపులా పొడుగాటి మీసాలు, ఉన్నట్టుండి ఎగిరి దూకడం. ఒక ఆడదాని తోకకు అటూ ఇటూ రెండు గుడ్ల సంచులు వేలాడుతున్నాయి. చాలాసేపు దాన్ని వదల్లేకపోయాను.

"వానాకాలం ఈ నీళ్లు నోట్లో పోసుకోవచ్చయ్యా. ఎండాకాలం నాలిక మీద పెట్టలేం," అన్నాడు పడవ నడిపే పెద్దాయన. శాస్త్రం చెప్పేదీ అదే. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు అరణి, కాళంగి నదులు పొంగి సరస్సు దాదాపు మంచినీళ్లవుతుంది. అప్పుడు రోటిఫర్ల వంటి మంచినీటి జీవులది పైచేయి. వాన వెనకబట్టాక ఆటుపోట్లతో సముద్రపు కోపెపాడ్లు, రొయ్య పిల్లలు లోపలికొస్తాయి. మే నెలకు లోతులేని నీరు ఆవిరై ఉప్పు సముద్రాన్ని మించిపోతుంది. ఒంట్లో నీటినీ ఉప్పునూ సరిపెట్టుకోవడానికే శక్తి ఎక్కువ ఖర్చవుతుంది గనుక, తట్టుకునే కొద్ది జాతులు తప్ప మిగతావి కనబడవు.

వేడి ఈ లెక్కను ఇంకా బిగిస్తుంది. నీరు గోరువెచ్చగా ఉంటే గుడ్లు త్వరగా పగిలి పిల్లలు త్వరగా ఎదుగుతాయి. హద్దు దాటితే నీటిలో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. ఉప్పెక్కిన నీటిలో అది మరీ తక్కువ. అయినా కథ ముగిసిపోదు. కొన్ని కోపెపాడ్లు, రోటిఫర్లు గట్టి పెంకున్న గుడ్లను బురదలో వదులుతాయి. అనువైన నీరు వచ్చేదాకా అవి అక్కడే నిద్రపోతాయి. నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది ఈ సంగతే.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సును చీలుస్తూ పోతుంది. దానికి ఉత్తరాన వేసవిలో నీరింకి, నేల మీద ఉప్పు పెచ్చులు కడుతుంది. రాయదొరువు దగ్గర సముద్రంలోకి తెరుచుకునే ముఖద్వారం ఇసుకతో పూడిపోయి, అటునుంచి రావాల్సిన పోటునీరు ఆగిపోవడం ఇందుకో కారణం. పోటు రాకపోతే సముద్రపు ప్లవకాలు రావు, రొయ్య పిల్లలూ రావు. వాటిని తిని బతికే చేపలకూ, రాజహంసలకూ, వల నమ్ముకున్న కుటుంబాలకూ అదే దెబ్బ.

పూడిక తీయమని జాలర్లు అడగడం న్యాయం. ఒకసారి తవ్వి చేతులు దులుపుకుంటే మాత్రం చాలదు. తీరం వెంబడి అలలు మోసుకొచ్చే ఇసుక మళ్లీ అక్కడికే చేరుతుంది. రేవుల్లో పూడిక తీతకు ఏటా డబ్బు కేటాయించినట్టే, ఈ ముఖద్వారానికీ కేటాయించాలి.