కావలెను: వయస్సు 35 లోపు

వార్తాపత్రికలలో "కావలెను" అను శీర్షిక క్రింద వచ్చు ప్రకటనలను చదువుట మాకు చిన్ననాటి అలవాటు. ఉద్యోగము లేనినాడు ఆశతో చదివితిమి. ఉన్ననాడు కుతూహలముతో చదివితిమి. విరమించిన పిమ్మట మరల ఆశతోనే చదువ మొదలిడితిమి. ఇన్ని యేండ్లలో ఆ ప్రకటనలు చాల మారినవి. టైపు తెలిసినవారు కావలెనను మాట పోయి కంప్యూటరు తెలిసినవారు కావలెనను మాట వచ్చినది. తపాలా పెట్టె సంఖ్య పోయి సెల్‌ఫోను సంఖ్య వచ్చినది. మారనిది ఒక్క పంక్తియే: "వయస్సు 35 లోపు". కొన్నిట అది 30. గుడియాత్తము బజారులో అంగడి అద్దమునకు అతికించిన చేతివ్రాత కాగితమందైనను, తమిళమున ఉన్నను తెలుగున ఉన్నను, ఆ పంక్తి తప్పదు.

ఈ ఊరివారమగు మనకు ఒక సంగతి బాగుగా తెలియును. 1954లో కామరాజుగారు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి యైన పిమ్మట, శాసనసభ్యత్వము కొరకు మన గుడియాత్తము నియోజకవర్గముననే ఉపయెన్నికలో నిలిచి గెలిచిరి. అప్పటికే వారికి 50 ఏండ్లు నిండినవి. శాసనసభ్యునకు 25 ఏండ్లకు తక్కువ ఉండరాదని రాజ్యాంగము చెప్పినదే కాని, ఇంతకు మించి ఉండరాదని చెప్పలేదు. తిరుత్తణిలో తెలుగు కుటుంబమున జన్మించి, వేలూరు వూరీసు కళాశాలలో చదివిన సర్వేపల్లి రాధాకృష్ణగారు 1962లో రాష్ట్రపతి యైనప్పుడు వారి వయస్సు 73. ఈ మహనీయులలో ఎవ్వరైనను ఆ వయస్సున మన బజారులో చిట్టా వ్రాయు పనికి దరఖాస్తు పెట్టుకొనియున్నచో, ఆ కాగితము విప్పకయే త్రిప్పి యిచ్చియుందురు.

మేము పాత పదునొకండు తరగతుల ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసైనవారము. 1978లో ఈ ఊరిలోనే ఒక లుంగీల వ్యాపారుల కొట్టులో గుమాస్తాగా చేరి, 40 ఏండ్లు చిట్టా ఆవర్జాలు వ్రాసి, 2018లో 58 నిండినంతనే విరమించితిమి. సర్కారు గుమాస్తాకు విరమణ యన్నచో విశ్రాంతి కావచ్చును. అంగటి గుమాస్తాకు జీతము ఆగుటయే. భవిష్యనిధి వారి పింఛను పథకము 1995లో వచ్చినది. 2014 సెప్టెంబరులో దాని కనీసపు మొత్తమును నెలకు 1,000 రూపాయలుగా నిర్ణయించిరి. మాకు వచ్చునది అంతకంటె ఎక్కువే. ఎంత యెక్కువయో చెప్పినచో చదువరులు నవ్వుదురు.

కావున పని వెదకితిమి. పోయిన ప్రతిచోటను మమ్ము ఆదరముతో కూర్చుండబెట్టిరి. ఒకచోట మజ్జిగ ఇచ్చిరి. అందరును అన్నమాట ఒకటే: "పెద్దాయనా, మీకెందుకీ శ్రమ? మనుమలతో హాయిగా ఇంట్లో ఉండరాదా?" పని తెలియునా యని ఎవ్వరును అడుగలేదు. కంప్యూటరు వచ్చునా యని మాత్రము ఒకరడిగిరి. వచ్చునంటిమి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినది మొదలు మా పాత కొట్టు లెక్కలను ట్యాలీలో ఎక్కించినది మేమే. ఆయన కొంత ఆలోచించి, "అయినా కన్ను ఆనవలె గదా" అనిరి. ఆయన కళ్ళద్దములు మావానికంటె మందము.

రెండేండ్ల క్రిందట జరిగినదొకటి కొంచెము విపులముగా చెప్పవలెను. మా పాత పరిచయస్థుని కుమారుడు, ఆయనకును లుంగీల వ్యాపారమే, ఒకనాటి సాయంకాలము మనిషిని పంపి మమ్ము పిలిపించెను. మరునాటికి జీఎస్టీ లెక్క దాఖలు చేయవలెను. కొనుగోళ్ళ మొత్తము తమ పుస్తకములలో ఒకటి, అమ్మినవారు జీఎస్టీ పట్టికలో చూపినది ఇంకొకటి. ముప్పదివేల చిల్లర తేడా. ఉదయమునుండి నూలు బిల్లులన్నియు తిరుగవేసిరట, దొరకలేదు. మేము కంప్యూటరును ముట్టలేదు. గోదాములో మూటలు దించుకొనునప్పుడు కాపలావాడు పెన్సిలుతో వ్రాసికొను పుస్తకము తెమ్మంటిమి. నాలుగు పుటలు త్రిప్పుసరికి, పాలక్కాడు వ్యాపారి రంగు వెలిసినదని వాపసు పంపిన రెండు మూటలు కనబడినవి. క్రొత్తగా చేరిన పిల్లవాడు, సరుకు లోపలికి వచ్చినది గదా యని, దానిని పేరు లేకుండ కొనుగోలు క్రింద ఎక్కించియుండెను. అమ్మకపు వాపసుగా వ్రాసి ఆ వ్యాపారికి క్రెడిట్ నోటు పంపవలసిన వ్యవహారమది. గోదాములో మూటల లెక్క సరిగానే ఉండుటచే ఎవ్వరికిని అనుమానము రాలేదు. కంప్యూటరు తనకు చెప్పినది కూడును. మూట ఎందులకు వచ్చినదో దానికి తెలియదు. పిల్లవానిని అనుట లేదు. వానికి వాపసు అనగా నేమో చెప్పినవారు లేరు. చెప్పవలసిన వయస్సువారిని ఆ కొట్టున ఉంచుకొనలేదు.

యజమాని సంతోషించి, కాఫీ తెప్పించి, 500 రూపాయల నోటొకటి మా చొక్కా జేబులో పెట్టెను. "మీవంటి పెద్దలు ఇప్పుడెక్కడున్నారు సార్" అనెను. పిల్లవాడు ఆ మాసాంతముననే వేరొక చోటికి పోయెను. వెంటనే ఆ కొట్టు అద్దమున కాగితము వెలసినది: లెక్కలు వ్రాయుటకు మనిషి కావలెను, వయస్సు 30 లోపు. మేము లోనికి పోయి నేరుగా అడిగితిమి. అతడు సిగ్గుపడి, తల వంచుకొని చెప్పెను: "మీరు నాన్నగారి వయస్సువారు. రేపు ఏదైనా తప్పు వస్తే ఒక మాట అనాలన్నా నోరు రాదు. మీ చేత సాయంకాలం ఎనిమిదింటిదాకా పని చేయించుకొంటే నలుగురూ ఏమంటారు?"

మాకు ఇన్ని యేండ్లలో దొరికిన నిజమైన జవాబు ఇదొక్కటే. మమ్ము పనికిమాలినవారని ఎవ్వరును అనుకొనుట లేదు. మమ్ము గౌరవించుచున్నారు. ఆ గౌరవమే మాకు వాకిట అడ్డముగా పెట్టిన బల్ల. జీతము మాటయు కొంత కలదు. అనుభవశాలి ఎక్కువ అడుగునని భయము. మేమెంత అడుగుదుమో తెలిసికొని భయపడినచో బాగుండెడిది.

వృద్ధులు తొలగినగాని యువకులకు చోటుండదను వాదము వేరొకటి గలదు. మన యిండ్లలోను ఉద్యోగము లేని పిల్లలున్నారు గనుక దీనిని తేలికగా త్రోసివేయరాదు. కాని ఈ వాదము పొరుగున, మన తెలుగు రాష్ట్రముననే, ఒకమారు చట్టమై నడచినది. చిత్తూరు, పలమనేరు ప్రాంతములందు బంధువులున్న మన కుటుంబములలో పెద్దవారికి అది జ్ఞాపకముండును. 1979లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఉద్యోగుల విరమణ వయస్సును 55 నుండి 58కి పెంచినది. 1983 జనవరిలో నందమూరి తారకరామారావుగారు ముఖ్యమంత్రి యైరి. ఫిబ్రవరిలో ఆ వయస్సును మరల 55కు దించిరి. ఫిబ్రవరి 28న ఒక్కనాడే 18,000 మందికి పైగా ప్రభుత్వోద్యోగులును, ప్రభుత్వ సంస్థలవారు 10,000 మందియు ఇండ్లకు పోయిరి. చదువుకొన్న యువకులకు చోటు కల్పించుటకే యని ప్రభుత్వపు వాదన. 1985 జనవరిలో సుప్రీంకోర్టు దానిని చెల్లునని తీర్పు చెప్పినది. ఈ లోపల 1984 ఆగస్టులో వయస్సు మరల 58 అయినది. నడుమ పోయినవారి గతి యేమని మరల వ్యాజ్యము నడువగా, 1985 ఆగస్టులో అదే న్యాయస్థానము, ఇంకను 58 నిండని వారిని తిరిగి పనిలోనికి తీసికొనవలెనని చెప్పినది. ఆ నడుమ 58 నిండినవారికి ఆ కుర్చీ తిరిగి రాలేదు.

రామారావుగారి యెడ మాకు గల అభిమానము చదువరులెవ్వరికిని తీసిపోదు. వారి కృష్ణుని పటము మా యింటి గోడన ఇప్పటికిని కలదు. అయినను లెక్క లెక్కయే. వారు 1923 మే మాసమున జన్మించినవారు. 55 నిండినవారిని ఇంటికి పంపుమని ఉత్తరువు వెడలినప్పుడు వారికి 59 నడచుచుండెను. 71 ఏండ్ల వయస్సున, 1994లో, మరల ముఖ్యమంత్రి యైరి.

చలనచిత్రముల సంగతియు ఇక్కడనే చెప్పవచ్చును. 1972లో వచ్చిన "బడిపంతులు"లో రామారావుగారు విరమించిన ఉపాధ్యాయుడుగా నటించిరి. కొడుకుల యిండ్లలో ఆ దంపతులు పడు పాట్లు చూచి కంట తడిపెట్టని తెలుగువారు లేరు. అందు మనుమరాలుగా నటించిన బాలిక శ్రీదేవి. ఏడేండ్లు తిరుగకమునుపే, 1979లో, "వేటగాడు" చిత్రమున ఆమెయే వారికి నాయిక. తెరపై తాతగారు నాయకుడు కావచ్చును; ఆయన యీడు నటీమణులకు మాత్రము తల్లి వేషము లేక ఇంటిదారి. మాకు తోచునది ఇంకొకటి కలదు. బడిపంతులును చూచి ఏడ్చితిమే కాని, అంత చదువు చెప్పినవానికి ఊరిలో నలుగురు పిల్లలను అప్పగింతమని మాలో ఒక్కరికిని తోచలేదు. ఇప్పటి టెలివిజను ప్రకటనలలోను ముసలివాడు మోకాళ్ళ నొప్పి తైలమునకు వచ్చును, బీమాకు వచ్చును, మనుమని చేయి పట్టుకొని నవ్వుటకు వచ్చును. బల్లముందు కూర్చుండి పని చేయుచు కనబడుట అరుదు. చూపనిదానిని అంగటి యజమాని ఎట్లు ఊహించును?

అమెరికాలో ఉన్న మన పిల్లలు అచట వేరు చట్టమున్నదని చెప్పుదురు. 40 నిండినవారిని వయస్సు కారణముగా నిరాకరింపరాదని 1967లోనే శాసనము చేసిరి. అందువలన అచట అన్యాయము పోయినదని కాదు. టెలివిజను కథలు వ్రాయు రచయితలు, 40 దాటినంతనే తమకు పని ఈయరని 2000లో వ్యాజ్యము వేసి, పదియేండ్లు పోరాడి, 2010లో 7 కోట్ల డాలర్లకు రాజీపడిరి. అయినను అడుగుటకు ఒక చోటున్నది. మన రాజ్యాంగము 16వ అధికరణము సర్కారు కొలువులలో మతము, జాతి, కులము, లింగము, వంశము, పుట్టినచోటు, నివాసము కారణములుగా వివక్ష కూడదనుచున్నది. వయస్సు ఆ జాబితాలో లేదు. అంగటి కొలువుల మాట చెప్పనక్కరలేదు. 2007లో తల్లిదండ్రుల పోషణకు చట్టము వచ్చినది. అన్నము పెట్టని కొడుకుపై ఫిర్యాదు చేయవచ్చును. మంచిదే. మేము కొడుకుపై ఫిర్యాదు చేయదలచుకొనలేదు; మా అన్నము మేము సంపాదింపదలచితిమి. దానికి చట్టము లేదు. 2021 అక్టోబరు 1న కేంద్రప్రభుత్వము పెద్దవారికి పని వెదకిపెట్టు పట్టిక నొకదానిని కంప్యూటరులో తెరచినది. అందు చేరుటకు 60 నిండవలెను. 58వ ఏట విరమించినవాడు ఆ రెండేండ్లు ఏమి తినవలెనో అందు వ్రాయలేదు.

సర్కారు లెక్కలును చిత్రముగనే ఉన్నవి. తమిళనాట విరమణ వయస్సు 2020లో 58 నుండి 59కి, 2021లో 60కి పెరిగినది. తెలంగాణమున అదే సంవత్సరము 61 అయినది. ఆంధ్రమున 2022 జనవరి నుండి 62. అనగా సర్కారు కొలువున నున్న తెలుగువాడు విజయవాడలో 62 వరకును, హైదరాబాదులో 61 వరకును, వేలూరులో 60 వరకును పనికివచ్చును. గుడియాత్తము బజారులో 35.

మనవారికి ప్రత్యేకముగా చెప్పవలసినది ఒకటున్నది. మా కొట్టులో 1990 వరకు ఆవర్జా తెలుగుననే ఉండెను. పరదరామి దారిన వచ్చు చిత్తూరు వ్యాపారులకు జాబులు తెలుగుననే పోయెడివి. ఈనాడు ఆ కొట్టు చిన్నవారికి తెలుగు మాట వచ్చును, అక్షరము రాదు. 2006 నాటి తమిళ బోధనా చట్టము తరువాత బడికి పోయిన మన పిల్లలలో చాలమంది సంగతి ఇంతే. మేము వచ్చిన పిమ్మట ఒకమారు పాత బాకీ వివాదము వచ్చి, పుస్తకము తెరచినచో చదువువారు లేక, దానిని ఫోటో తీసి మాకు వాట్సాపులో పంపిరి. చదివి పెట్టితిమి. ఒక్క అరపూట పనికి ఒక పెద్దవానిని పెట్టుకొన్నచో లెక్కయు నేర్చుకొందురు, అక్షరమును నేర్చుకొందురు. పూర్తి జీతము అడుగుట లేదు. ఎనిమిదింటి వరకు కూర్చుండలేమని మేమే ఒప్పుకొందుము. తప్పు చేసినచో ఒక మాట అనుడు, పడుదుము. 40 ఏండ్లు పడినవారమే గదా.

మన సంఘమువారు ప్రతి ఉగాదికిని పెద్దలకు శాలువలు కప్పుచున్నారు. మాకును ఒకటి కప్పిరి; ఆకుపచ్చనిది, బాగుగనే ఉన్నది. ఆ మాసముననే సంఘ కార్యాలయమునకు గుమాస్తా కావలెనని పలకపై వ్రాసిరి, వయస్సు 40 లోపు అని. ఆ పంక్తి తీసివేయుడని కార్యదర్శిగారికి విన్నపము వ్రాసి యిచ్చితిమి. కార్యవర్గము ముందుంచెదమని వారు సెలవిచ్చిరి. ఈ వ్యాసము సంచికకు పంపునాటికి పలకపై ఆ పంక్తి అట్లే యున్నది, ఉద్యోగమును ఖాళీగనే యున్నది.