తూచి నమ్మిన మాట

మాంచెస్టర్‌లోని జాన్ రైలాండ్స్ గ్రంథాలయంలో అరచేతిలో ఇమిడిపోయే పేపిరస్ ముక్క ఒకటుంది. రెండు వైపులా గ్రీకు అక్షరాలు. యోహాను సువార్త పద్దెనిమిదో అధ్యాయంలో పిలాతు యేసును విచారించే ఘట్టం అది. సత్యమంటే ఏమిటని పిలాతు అడిగింది కూడా అక్కడే. 1920లో ఈజిప్టులో కొన్న ఆ ముక్క ఏమిటో 1934లో కాలిన్ రాబర్ట్స్ గుర్తుపట్టాడు. రెండో శతాబ్దం తొలి సగం నాటిదని చాలాకాలం చెప్పుకున్నారు. కేవలం రాత తీరు చూసి అంత గట్టిగా చెప్పలేమనీ, ఇంకా తర్వాతిదైనా కావచ్చనీ ఇప్పుడు కొందరు పండితులు అంటున్నారు. ఆ అభ్యంతరాన్ని కూడా కలిపే మా అమ్మాయికి చెప్పాను.

మేముంటున్న ఈ పరాయి దేశంలోనే పుట్టి పెరిగిన పిల్ల. పాతకాలపు కాగితం మీద ఉన్నంత మాత్రాన నిజమైపోతుందా నాన్నా అని అడిగింది. మంచి ప్రశ్న. ఆ ప్రశ్నను నేను మాటల్లోనే మా కడపకు తీసుకెళ్లాను. ఎర్రముక్కపల్లెలో సి.పి. బ్రౌన్ నివసించిన చోట ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. ఆయన వేమన పద్యాల రాతప్రతులు ఎక్కడెక్కడివో తెప్పించి, ఒకదానితో ఒకటి సరిచూసి, 1829లో 693 పద్యాలు అచ్చువేయించాడు. 1839 నాటికి అవి 1164 అయ్యాయి. వేమన స్వయంగా రాసిన ప్రతి ఏదీ మనకు దొరకలేదు. కొత్త నిబంధనకూ అంతే, మొదటి రచయితల చేతిరాత లేదు. కానీ గ్రీకు ప్రతులు, ముక్కలతో కలిపి, ఐదు వేలకు పైగా ఉన్నాయి. వాటిని పోల్చి చూస్తే మొదట ఏం రాశారో చాలామటుకు తేలుతుంది. రాసింది నిజంగా జరిగిందా అన్నది మాత్రం దీంతో తేలదు. ఈ రెంటినీ కలిపేసి చెప్పే ప్రసంగాలు నాకు నచ్చవు.

జరిగిందా అన్నదానికి నేను మొదట పట్టుకునేది పౌలునే. కొరింథీయులకు ఆయన మొదటి ఉత్తరం సుమారు క్రీ.శ. 55 నాటిది, అంటే సిలువ తర్వాత సుమారు పాతికేళ్లకే. తిరిగిలేచిన యేసును చూసినవాళ్ల పేర్లు వరసగా చెప్పి, ఐదువందల మందికి పైగా ఒకేసారి చూశారనీ, వాళ్లలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారనీ రాశాడు. అంటే అనుమానమున్నవాళ్లు వెళ్లి అడగొచ్చు. ఖాళీ సమాధిని ముందుగా చూసింది ఆడవాళ్లని నాలుగు సువార్తలూ చెబుతాయి. ఆడదాని సాక్ష్యానికి పెద్దగా విలువివ్వని ఆ కాలంలో కల్పించాలనుకున్నవాడు అలా కల్పించడు. క్రైస్తవులంటే గిట్టని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ కూడా పిలాతు హయాంలో క్రీస్తుకు మరణశిక్ష పడిందని రాశాడు. మరి సమాధి దగ్గరికి ఎవరెవరు వెళ్లారు, ఏం చూశారు అన్న వివరాలు నాలుగు సువార్తల్లో ఒకేలా లేవు. అవి కుదిరాయని నేను బుకాయించను. వాటిని కూడా తూచాకే నమ్ముతున్నాను. ఈ లెక్కలు నన్ను గడప దాకా తెచ్చాయి. లోపలికి అడుగుపెట్టింది మాత్రం ప్రార్థనతోనే.

మా సీమ క్రైస్తవుల మీద వేరే అభియోగం కూడా ఉంది, కూటి కోసం మతం మారారని. బడిలో ఆ మాట విని వచ్చి ఏడ్చాను. అప్పట్నుంచీ దాని వెనక చరిత్ర చదువుతున్నాను. 1876లో మొదలైన ధాత కరువు కర్నూలు, కడప, బళ్లారి సీమల్ని పీల్చి పిప్పిచేసింది. ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు పని చూపించాడు. కరువు సాయం సాగినన్నాళ్లూ బాప్తిస్మం ఇవ్వనన్నాడు. సాయం ఆగాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న, మన నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ నదిలో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. తర్వాతి కాలంలో 1950 రాష్ట్రపతి ఉత్తర్వుతో క్రైస్తవ దళితులకు ఎస్సీ హోదా లేకుండా పోయింది. ఆంధ్రలో వాళ్లు బీసీ-సి కింద ఉన్నారు. ఎస్సీ రిజర్వేషన్ పోతుందని తెలిసి కూడా బహిరంగంగా క్రైస్తవులుగా నిలబడ్డవాళ్లు కూటి కోసం నిలబడ్డారని ఎలా అంటారు? చిత్తశుద్ధి ఉన్నంత మాత్రాన నమ్మింది నిజమని రుజువు కాదు, ఒప్పుకుంటాను. కానీ మా పెద్దల్ని అమ్ముడుపోయినవాళ్లని అనడం అన్యాయం.

మా అవ్వకు చదువు రాదు. ఊరి బావిలో నీళ్లు తోడనివ్వని రోజుల్లో, చర్చిలో ప్రభు బల్ల దగ్గర అందరితో పాటు ఒకే గిన్నెలో తాగిందట. ఆ గిన్నె గురించి చెప్పేటప్పుడు ఆమె గొంతు మారిపోయేది. నేను ఈ దేశంలో ఒంటరిగా ఉన్న మొదటి ఏళ్లలో నన్ను నిలబెట్టింది ఆ విశ్వాసమే.

అదంతా విన్నాక మా అమ్మాయి అడిగింది: మరి మన ఊళ్లలో మాల చర్చి, మాదిగ చర్చి వేరువేరుగా ఎందుకున్నాయి? పౌలు ఉత్తరం కన్నా, పేపిరస్ కన్నా బరువైన ప్రశ్న అది. తక్కెడలో రెండోవైపు వేయక తప్పదు. క్రీస్తు మనుషుల్ని మారుస్తాడన్నదే మా సాక్ష్యమైతే, మేము మారనిచోట ఆ సాక్ష్యం బలహీనపడుతుంది, అందుకు బాధ్యులం మేమే అని చెప్పాను. వచ్చే వేసవికి ఊరెళ్లినప్పుడు ఒక ఆదివారం ఒక చర్చికి, ఇంకో ఆదివారం రెండో చర్చికి వెళ్దామంది. వెళ్తాం.