ఉద్దానం దారిలో చక్రాల ఇల్లు

ప్రయాణికుడి కష్టాన్ని ఇస్లామ్ గుర్తించింది. ఇంటి దగ్గర నాలుగు రకాతులుగా చేసే ఫర్జ్ నమాజును బాటసారి రెండు రకాతులకు కుదించుకుంటాడు. రమజాను ఉపవాసాన్ని తర్వాతి రోజులకు వాయిదా వేసుకునే అనుమతి అతనికి ఉంది. నీరు దొరకనిచోట పరిశుభ్రమైన మట్టితో తయమ్ముమ్ చేసుకుంటాడు. ఇన్ని వెసులుబాట్లు ఇచ్చిన ధర్మం, దారిలో సుఖంగా ఉండే ఏర్పాటు చేసుకోవడాన్ని తప్పు పట్టదు. అయితే సౌకర్యం ఎక్కడ ముగుస్తుందో, ఆర్భాటం ఎక్కడ మొదలవుతుందో తేల్చుకునే పనిని మన విచక్షణకు వదిలింది. కారు వెనుక తగిలించి లాగే చక్రాల ఇల్లు, అంటే ట్రైలర్ కొనుక్కునే కుటుంబానికి ఈ ప్రశ్న మొదటి రోజే ఎదురవుతుంది.

మా అక్క కొడుకు గల్ఫ్‌లో చాలా ఏళ్లు పనిచేసి వచ్చి విశాఖపట్నంలో స్థిరపడ్డాడు. అక్కడ చూసి ముచ్చటపడిన చిన్న ట్రైలర్ ఒకటి ఇక్కడ కొన్నాడు. రెండు పడకలు, ఒక వంట గట్టు, కొన్ని అరలు ఉన్న గది అది. సొంత వాడకానికి ఉంచుకునే క్యాంపర్ వ్యాన్లను, ట్రైలర్లను కేంద్ర ప్రభుత్వం రవాణా వాహనాలు కాని వాటి జాబితాలో చేర్చింది. అయినా ట్రైలర్‌కు విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన స్వరూపాన్ని మన ఇష్టం వచ్చినట్లు మార్చకూడదు. కనుక గోడలు కోసి కిటికీలు పెట్టాలన్నా, ఇరుసు మార్చాలన్నా ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మేలు. అరలు, పరుపులు, పరదాల వంటి లోపలి ఏర్పాట్ల దగ్గరే మనకు అసలైన ఎంపిక ఉంటుంది.

అమ్మకందారు ఇచ్చిన అదనపు హంగుల పట్టీ పొడవైనది. పైకప్పు మీద ఏసీ, టీవీ, బయట రంగుల దీపాలు, పాటల పెట్టెలు ఒక వైపు. పెద్ద నీళ్ల ట్యాంకు, సోలార్ పలక, పక్కకు విప్పుకునే పందిరి గుడ్డ, వెంట తీసుకువెళ్లగల టాయిలెట్, మడతమెట్టు మరో వైపు. అన్నీ పెట్టడానికి డబ్బు చాలినా బరువు ఒప్పుకోదు. ప్రతి కారుకూ ఇంత బరువే లాగాలనే పరిమితి ఉంటుంది. ఒకటి కావాలంటే మరొకటి వదులుకోవాలి.

తీర్పు మా అక్క చెప్పింది. మా బావగారు రైల్వేలో పనిచేసిన రోజుల్లో ఆమె పలాసలో చాలాకాలం కాపురం చేసింది. ఆయన పోయిన తర్వాత అటు వెళ్లనే లేదు. ఆయన స్నేహితుడు, ఉద్దానంలో కొబ్బరి రైతు, ఇప్పుడు మూత్రపిండాల జబ్బుతో ఉన్నాడని తెలిసి ఒక్కసారి చూసి రావాలన్నది ఆమె కోరిక. "మనం వెళ్లేది ఉద్దానానికి. ఎవరి గుమ్మం ముందూ నీళ్లకు నిలబడే పరిస్థితి ఉండకూడదు. ముందు ఆ ఏర్పాటు చెయ్యి, మిగిలినవి తర్వాత" అని కొడుక్కి చెప్పింది. తన మోకాళ్ల కోసం వెడల్పైన మెట్టు, పట్టుకోవడానికి ఒక కడ్డీ అడిగింది. అంతే.

సంక్రాంతి తర్వాతి వారంలో ఐదుగురం బయలుదేరాము. అక్క, మేనల్లుడు, అతని భార్య, పన్నెండేళ్ల వారి అమ్మాయి, నేను.

పదహారో నంబరు జాతీయ రహదారి మీద టెక్కలి చేరేసరికి గ్రానైటు దిమ్మెలను మోసుకుపోయే లారీలు ఎదురవుతాయి. ఈ ప్రాంతపు రాయికి దూరదేశాల్లోనూ గిరాకీ ఉంది. లారీ మీద పరుచుకుని కూర్చున్న ఒకే ఒక్క దిమ్మెను చూస్తే బరువును ఎక్కడ నిలపాలో బోధపడుతుంది. ట్రైలర్‌కూ అదే సూత్రం. బరువైన సామాను నేలకు దగ్గరగా, ఇరుసుకు సమీపంలో ఉండాలి. మొత్తం బరువులో పదవ వంతు నుంచి ఏడవ వంతు వరకు ముందు కొక్కెం మీద పడాలి. వెనుక బరువు ఎక్కువైతే వేగంలో ట్రైలర్ తోకలా ఊగి కారునే పక్కకు లాగేస్తుంది. టెక్కలి దగ్గర ఆగి కొక్కెం, గొలుసు, చక్రాల గాలి చూసుకున్నాము. దారిలో ప్రతి మజిలీలోనూ ఇది చేయవలసిన పని. ఇంకొక మాట: కదులుతున్న ట్రైలర్‌లో మనుషులు కూర్చోకూడదు. పిల్లలు ఎంత మారాం చేసినా సరే.

టెక్కలి నుంచి తూర్పుకు తిరిగితే నౌపడా. ఉప్పు మళ్లు తెల్లగా మెరుస్తుంటాయి. ఆ గాలి ఇనుమును తినేస్తుంది. సముద్ర తీరంలో తిరిగే ట్రైలర్‌కు మేకులు, కీళ్లు, గడియలు తుప్పు పట్టని ఉక్కువి వేయించడం చిన్న ఖర్చు, పెద్ద లాభం. తిరిగి వచ్చాక అడుగు భాగాన్ని మంచినీటితో కడిగించాలి.

దగ్గరలోనే తేలినీలాపురం. చలికాలంలో పెలికాన్లు, రంగు కొంగలు ఇక్కడి చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. ఊరివారు వాటిని తమ ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. ట్రైలర్‌ను ఊరి వెలుపలే నిలిపి నడిచి వెళ్లాము. జనరేటర్ వద్దనుకోవడం ఎంత మంచిదైందో అక్కడ తెలిసింది. మా ట్రైలర్ మీద ఉన్నది 100 వాట్ల సోలార్ పలక. మంచి ఎండలో రోజుకు సుమారు 400 వాట్-గంటల కరెంటు ఇస్తుంది. రెండు ఎల్ఈడీ దీపాలకు, చిన్న ఫ్యానుకు, ఫోన్లకు అది చాలు. ఏసీకి చాలదు. గంటకు ఒక యూనిట్ తినే ఏసీని 12 వోల్టుల, 100 ఆంపియర్-గంటల బ్యాటరీ మీద నడిపితే గంట తిరిగేసరికి బ్యాటరీ ఖాళీ. ఆపై జనరేటర్ మోత తప్పదు. మన చల్లదనం కోసం మరొకరి ప్రశాంతతను ఖర్చు చేయడం హుఖూఖుల్ ఇబాద్, అంటే తోటి దాసుల హక్కుల కిందికి వచ్చే విషయం. నోరులేని జీవాల విషయంలోనూ మనకు జవాబుదారీ ఉంది.

పలాస–కాశీబుగ్గ జంట పట్టణం పేరు వినగానే జీడిపప్పు గుర్తొస్తుంది. పప్పు తెల్లగా, తీయగా ఉంటుంది గానీ దాని పెంకులోని నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. పిక్కలు వలిచే ఆడవారి వేళ్లు చూస్తే గుప్పెడు పప్పు వెనుక ఎంత శ్రమ ఉందో తెలుస్తుంది. అక్క రైల్వే క్వార్టర్ల వీధి చివర కారు ఆపించి కాసేపు మౌనంగా చూసింది. తర్వాత "పదండి" అంది.

ఇప్పుడు పలాసకు మరొక గుర్తు కూడా ఉంది. 2023 డిసెంబరు 14న ఇక్కడ 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అదే రోజు, వంశధార నీరు నిలిచే హిరమండలం జలాశయం నుంచి ఉద్దానం పల్లెలకు తాగునీరు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకమూ మొదలైంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో మూత్రపిండాల జబ్బు దశాబ్దాలుగా ఇళ్లను ఖాళీ చేస్తోంది. నీరు, నేల, పురుగుమందులు, ఎండలో పనిచేస్తూ సరిపడా నీరు తాగకపోవడం, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం - ఎన్నో అనుమానాలను శాస్త్రజ్ఞులు పరిశీలించారు. ఇదీ కారణమని మాత్రం తేలలేదు. ఏ బావి నీరు మంచిదో నమ్మకంగా చెప్పలేని భయంలో ఒక తరం పెరిగింది. అటువంటి చోటికి వెళ్లి "కాస్త ట్యాంకు నింపుకోమంటారా?" అని అడగగలమా?

అందుకే మా లెక్క ఇలా వేసుకున్నాము. తాగడానికి మనిషికి రోజుకు మూడు లీటర్ల చొప్పున 15. వంటకు, గిన్నెలకు 20. వుజూకు ఒకసారికి లీటరు చొప్పున ఐదుగురికి ఐదు పూటలూ కలిపి 25. మొత్తం 60 లీటర్లు. రెండు రోజులకు 120 లీటర్లు, అంటే 120 కిలోలు. ఏసీ, టీవీ, పాటల పెట్టెలు మానుకున్నందువల్లే ఆ బరువుకు చోటు దొరికింది. ట్యాంకును ఇరుసు పక్కనే కిందికి బిగించారు. సగం నిండిన ట్యాంకులో నీరు అటూ ఇటూ కొట్టుకుని బండిని కుదుపుతుంది కనుక లోపల అడ్డు పలకలు పెట్టించాము. వుజూ కోసం సన్నని ధార వచ్చే కుళాయి విడిగా అమర్చారు. మహనీయ దైవప్రవక్త (సఅసం) ఒక ముద్ద్ నీటితో, అంటే రెండు చేతుల దోసెడు కొలతతో వుజూ చేసుకునేవారని హదీసుల ద్వారా తెలుస్తోంది. ఆ లెక్కన మేము కేటాయించుకున్న లీటరు ధారాళమే. తాగే నీరు తోటివారికి చాలదని భయం ఉంటే, నీరు ఉంచుకొని కూడా తయమ్ముమ్ చేసుకోవచ్చని మన ఫుఖహాలు రాశారు. దాహం ముందు, వుజూ తర్వాత అన్న ఆ క్రమాన్ని అమ్మాయికి ట్యాంకు ముందు నిలబెట్టి చెప్పాను. పుస్తకం ముందు కన్నా త్వరగా అర్థమైంది.

ఉద్దానంలోకి ప్రవేశించగానే ఎండ మాయమవుతుంది. కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్ల నీడలో దారి పచ్చని సొరంగంలా సాగుతుంది. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానమైందని చెబుతారు. అయితే తోటల మధ్య కొత్త మొక్కల వరసలు కూడా కనిపిస్తాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, తాతలు నాటిన చెట్లను ఒక్క పూటలో నేలకూల్చింది. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఈ నేల మీద బండి నిలిపేవారు కాయలు రాలే చెట్టు కింద నిలపకూడదు. గాలి రేగితే పందిరి గుడ్డను వెంటనే చుట్టేయాలి. ఆ గుడ్డకు మూడు వైపులా దించుకునే పరదాలు కుట్టించాము. నీడకు నీడ, ఆడవారి నమాజుకు చాటు.

బావగారి స్నేహితుడు గుమ్మంలోకి వచ్చి అక్కను చూసి చేతులు జోడించాడు. మాట రాలేదు. తేరుకున్నాక కొడుకును చెట్టెక్కించి లేత బొండాలు దింపించాడు. మాకు తలా ఒకటి కొట్టించి ఇచ్చాడు. తను మాత్రం తాగలేదు. డయాలసిస్ మీద ఉన్నవారు నీటిని కొలుచుకొని తాగాలి. పొటాషియం ఎక్కువ కనుక కొబ్బరి నీళ్లు వారికి ప్రమాదం. ఆ తోటలో ప్రతి చెట్టూ ఆయన నాటినదే, తిత్లీ తర్వాత మళ్లీ నాటినవి కూడా. వాటి నీళ్లు అతిథులకే గానీ ఆయనకు కావు. ఆ బొండాం చేతిలో పట్టుకొని ఎంతోసేపు తాగలేకపోయాను. అక్క, "తాగు తమ్ముడూ, ఆయన మనసు కష్టపెట్టకు" అంది.

ఆయన భార్య మా ట్రైలర్ చుట్టూ తిరిగి చూసింది. "నీల్లు మీరే తెచ్చీసుకున్నారా అప్పా?" అని అక్కను అడిగింది. పడకను చేత్తో నొక్కి చూసి, "వారానికి మూడు మార్లు ఎల్తాం. నాలుగ్గంటలు ఆయన లోపల పడుకుంటాడు. నాను బయట చెట్టు కింద కూకుంటాను. ఇలాటిదొకటి ఉంటే నడుం వాల్చీసుకుందును" అని నవ్వింది. ఆమె ఏదీ అడగలేదు. మేనల్లుడు మాత్రం ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

ఆ రాత్రి బారువ చేరాము. మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే చోటు అది. ఈ తీరానికి శీతకాలపు రాత్రుల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు వెలుతురు వైపు నడుస్తాయి. తీరంలో దీపాలుంటే సముద్రమనుకొని అటు వెళ్లి దారి తప్పి చచ్చిపోతాయి. బయటి రంగుల దీపాలు పెట్టించకపోవడం వల్ల మాకు ఆర్పవలసిన పనే లేకపోయింది. లోపలి దీపానికి మందపాటి తెర చాలింది. ఇసుకకు దూరంగా, గట్టి నేల మీదే బండి నిలిపాము. నీడనిచ్చే చోట, దారుల మీద, నీటి వనరుల దగ్గర మలమూత్ర విసర్జన చేయరాదని ప్రవక్త (సఅసం) హెచ్చరించారు. టాయిలెట్ పెట్టె అందుకే. దానిని, గిన్నెలు కడిగిన నీటిని ఎక్కడా ఒలకబోయకుండా పట్టణం దాకా తెచ్చి తగిన చోట ఖాళీ చేశాము.

ఫజ్ర్‌కు ఇసుక మీద సఫ్ కట్టాము. ఇక్కడ ఖిబ్లా పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది. సముద్రం మా వీపుల వెనుక ఉంది. సలాం చెప్పి వెనుదిరిగేసరికి తూర్పు ఎర్రబడింది. అప్పుడు మేనల్లుడు అడిగాడు: "మామూ, ఏడాదిలో మనం దీన్ని ఎన్ని రోజులు వాడతాం?" వేళ్ల మీద లెక్కపెడితే ఇరవై దాటలేదు. మిగిలిన రోజులు గోడ పక్కన కప్పి ఉంచాలి. ఆ రోజుల్లో ఒక డయాలసిస్ కేంద్రం దగ్గర నిలిపితే తోడు వచ్చిన ఆడవారికి నడుం వాల్చుకునే చోటవుతుంది. ఎక్కడ నిలపాలి, అనుమతి ఎవరివ్వాలి, శుభ్రం ఎవరు చూడాలి అన్నవి ఇప్పుడు అతను కనుక్కుంటున్నాడు. టీవీకి వదిలిన చోట మడిచి విప్పుకునే మూడో పడక వేయించడానికి వడ్రంగిని పిలిపించాడు కూడా.

ట్రైలర్ గానీ, వ్యాను గానీ కొనే సోదరులకు ఒక్క మాట. హంగుల పట్టీ చేతికి రాగానే ప్రతి దాని పక్కన ఈ ప్రశ్న రాసుకోండి: "దీనివల్ల నేను ఆగిన ఊరికి నా భారం తగ్గుతుందా, పెరుగుతుందా?" తగ్గించేవి ముందు కొనండి. మెట్టు, నీరు, నీడ, చాటు, శుభ్రత - ఇవి ఉన్న బండి ఎంత చిన్నదైనా ఇల్లే. అల్లాహ్ మన ప్రయాణాలను తేలిక చేయుగాక! ఉద్దానం తల్లులకు, తండ్రులకు స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.