ఖాళీ ఉన్న పేరు

2001 నవంబరులో ఆపిల్ విడుదల చేసిన ఐట్యూన్స్ 2.0ను మాక్‌లో ఎక్కించుకున్న కొందరి డిస్కులు తుడిచిపెట్టుకుపోయాయి. పాత ప్రతిని తొలగించాల్సిన స్క్రిప్టులో, డిస్కు పేరు వచ్చే చోట కొటేషన్ గుర్తులు పెట్టలేదు. పేరులో ఖాళీ ఉంటే, కమాండ్లను అమలుచేసే షెల్ దాన్ని అక్కడ విరిచి, ముందు ముక్కను విడి పేరుగా తీసుకుంది. ఆ ముక్క మరో డిస్కు పేరైతే అందులో ఉన్నదంతా పోయింది. ఆపిల్ వెంటనే 2.0.1 ఇచ్చి సరిదిద్దింది. డిస్కుకు రెండు మాటల పేరు పెట్టుకున్నవారి తప్పు ఇందులో రవ్వంత కూడా లేదు.

యునిక్స్ ఫైలు పేరులో ఉండకూడనివి రెండే: స్లాష్, విలువ సున్నా ఉన్న బైటు. ఖాళీ, నక్షత్రం, చివరికి కొత్త లైను గుర్తు కూడా చెల్లుతాయి. ఖాళీ దగ్గర విరవడం, నక్షత్రం ఉన్నచోట ఫైళ్ల పేర్లు నింపడం షెల్ పని. ఆ పని ఇక్కడ వద్దని దానికి చెప్పేది కొటేషనే. అందుకే స్క్రిప్టు రాసేవారు వేరియబుల్‌ను జంట కొటేషన్లలో ఉంచి తీరాలి.

హైఫన్‌తో మొదలయ్యే పేరుకు మాత్రం కొటేషన్ చాలదు. షెల్ కొటేషన్లు తీసేశాకే ఆ పేరు, ఫైళ్లను తొలగించే ఆర్‌ఎం కమాండ్ చేతికి వెళ్తుంది. హైఫన్ చూసి ఆర్‌ఎం ఆ పేరును ఆప్షన్ అనుకుంటుంది. పేరు ముందు చుక్క, స్లాష్ చేర్చితే ఏ కమాండూ పొరబడదు.

తెలుగు పేర్ల చిక్కులు వేరు. యూటీఎఫ్-8లో హల్లుకు 3 బైట్లు, గుణింతపు గుర్తుకు మరో 3. 'తెలుగు' అనే మాటకే 18 అవుతాయి. లినక్స్‌లో ఎక్కువగా కనిపించే ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ ఫైలు పేరుకు ఇచ్చేది 255 బైట్లు, అంటే 85 గుర్తులు. కాస్త పొడుగు వ్యాసం శీర్షికకు అది సరిపోదు. ఐత్వాన్ని ఒకే కోడ్‌గానూ రాయవచ్చు, రెండు కోడ్‌లుగానూ రాయవచ్చు. మాక్ పాత ఫైల్‌సిస్టమ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ రెండుగా విడదీసి దాచేది. ఆ ఫైళ్లు లినక్స్‌కు చేరి, ఒకే కోడ్‌తో రాసిన పేరు అక్కడ ముందే ఉంటే 'పైరు' అనే పేరుతోనే రెండు ఫైళ్లు పక్కపక్కన కనిపించవచ్చు. 'నవంబర్' చివర పొల్లు తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ చేరినా ఇదే తంతు. చూసి టైప్ చేస్తే ఏది దొరుకుతుందో తెలియదు. ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ కమాండ్‌కు ఐ ఆప్షన్ ఇచ్చి, ఫైలును గుర్తించే ఐనోడ్ నంబరు తెలుసుకుని, ఆ నంబరుతో ఫైండ్ కమాండ్ ద్వారా పట్టుకుని పేరు మార్చడం నమ్మదగిన దారి.

ఫైలు పేరులో ఎన్నడూ రాని సున్నా బైటుతో పేర్లను విడదీసి, ఫైండ్ నుంచి వాటిని వేరే కమాండ్లకు అందించే ఎక్స్‌ఆర్గ్స్‌కు ఇచ్చే ఆప్షన్లు గ్నూ పనిముట్లలో ఎన్నో ఏళ్లుగా ఉన్నాయి. పాజిక్స్ ప్రమాణంలోకి అవి 2024లో వచ్చాయి. కొత్త లైను గుర్తుతో ఫైలు సృష్టించబోతే నిరాకరించమని కమాండ్లను అదే ప్రమాణం ప్రోత్సహిస్తోంది. ఖాళీలున్న పేర్లకూ తెలుగు పేర్లకూ అది ఏ అడ్డూ పెట్టలేదు.