ఇసుక కింద వాన

తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ కృష్ణా పశ్చిమ డెల్టా ఊళ్లే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది, మిగతా రెండూ కొత్త బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. ఎండా వానా ఆ గీతను ఎరగవు. మూడు చోట్లా అదే నైరుతి, అదే ఈశాన్యం. తేడా అంతా నేలది. తెనాలి చుట్టూ నల్లమట్టి మాగాణి, బాపట్ల దిగువన ఇసుక, రేపల్లె కింద ఉప్పునేల. పడిన చుక్క ఎక్కడ ఆగుతుందో, ఎన్నాళ్లు ఆగుతుందో ఆ నేలే తేలుస్తుంది.

రోహిణి కార్తెలో పల్నాడు వైపు రెంటచింతల మాడిపోతున్నా ఈ ఊళ్లకు కాస్త ఊరట ఉంది. మధ్యాహ్నమయ్యేసరికి సముద్రపు గాలి తిరుగుతుంది. పడమటి గాలి బలంగా వీచే రోజుల్లో మాత్రం అది తీరం దాటి లోపలికి రాలేదు. ఆ రోజుల్లో బాపట్లలోనూ వడగాడ్పే. ఉక్కపోత అదనం.

తెనాలి రైతు జూన్‌లో తన నెత్తిమీది మబ్బు కంటే ఎగువ జలాశయాల మట్టమే ఎక్కువగా కనిపెట్టి చూస్తాడు. 1832-33 కరువు గుంటూరు సీమను ఊళ్లకు ఊళ్లుగా తుడిచిపెట్టాకే ఆనకట్ట ఆలోచన బలపడింది. 1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఆనకట్ట కట్టినప్పటినుంచీ ఇక్కడి సార్వా పంటకు వాన మహాబలేశ్వరం కొండల్లో కురవాలి. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల మొదలయ్యాక గోదావరి నీరు కూడా తోడై, కాలువలకు నీళ్లు ముందుగా వదిలే వీలు కలిగింది.

బాపట్ల నుంచి సూర్యలంక వైపు వెళితే ఈ కాలువల లోకం వెనకబడిపోతుంది. అక్కడ కనిపించేవి దొరువులు. ఈ ప్రాంతంలో చూసి తీరవలసినది ఏదని అడిగితే, సముద్రం కంటే ముందు దొరువు పేరే చెప్పాలి.

ఇసుకలో మనిషి లోతున, చాలాచోట్ల అంతకంటే తక్కువ లోతునే, తవ్విన గుంట అది. అడుగున తియ్యటి నీరు ఊరుతుంది. కూతవేటులో సముద్రం ఉండగా తీపి నీరెలా? వానాకాలంలో కురిసిందంతా ఇసుక పీల్చుకుంటుంది. మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి, లోపల ఉప్పునీటిని కిందికి అదిమి పైన పొరగా నిలుస్తుంది. పందొమ్మిదో శతాబ్దం చివర గైబెన్ అనే డచ్చి ఇంజనీరు, 1901లో హెర్ట్స్‌బెర్గ్ అనే జర్మన్ ఇంజనీరు ఈ లెక్కే కట్టారు. సముద్రమట్టానికి పైన మంచినీరు ఒక అడుగుంటే, కింద దాదాపు నలభై అడుగుల మంచినీరు ఉంటుంది. అదే లెక్కన పైన ఒక్క అడుగు తోడేస్తే కిందనుంచి ఉప్పు దాదాపు నలభై అడుగులు ఎగదన్నుతుంది. ఇక్కడి రైతులు ఆ లెక్క చదవలేదు గానీ, బిందెలతో మెల్లగా తోడి మడికి పోయడంలో దాన్ని తరతరాలుగా పాటించారు. వేరుశనగ, కూరగాయలు, నారుమళ్లు అలాగే పెరిగాయి.

బాపట్లలో ఉప్పునీటి సాగుపై పనిచేసే పరిశోధన కేంద్రం ఈ పాత పద్ధతికే కొత్త రూపమిచ్చింది. ఇసుకలో చిల్లుల గొట్టాలను అడ్డంగా పరిచి, వాటిలోకి ఊరిన నీటిని మధ్యలోని బావికి చేరుస్తారు. చిన్న మోటారుతో తోడి తుంపర సేద్యం చేస్తారు. లోతుగా బోరు దింపితే ఉప్పు వస్తుంది, వెడల్పుగా పీలిస్తే రాదు. ఎంత సున్నితమైన తెలివి! ఇసుకను లారీలకెత్తి అమ్ముకోవడమంటే ఆ నీటి కొట్టును కూలగొట్టుకోవడమే. ఆ నష్టాన్ని ఏ కాలువా పూడ్చదు.

ఈశాన్య రుతుపవనంతో పాటే తుపానుల భయం పెరుగుతుంది. 2006 అక్టోబరులో ఓగ్ని, 2010 మేలో లైలా, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటాయి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను ఈ తీరం ఇంకా మరిచిపోలేదు. డిసెంబరు తుపాను వేళ మరీ చెడ్డది. 1986లో బాపట్ల వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి విడుదలై దేశమంతా పాకిన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, దాదాపు ఐదు నెలల పంట. సరిగ్గా అప్పుడే అది కోతకొస్తుంది. మిచౌంగ్ వానకు చేలు పడిపోయాయి, కోసిన పనలు నీళ్లలో తేలాయి.

కోతకు రెండుమూడు రోజుల ముందు వరిలోనే మినుము చల్లే అలవాటు ఈ డెల్టాది. నేలలో మిగిలిన తడి, చలికాలపు మంచుతోనే ఆ పంట పండుతుంది. చాలా పొలాల్లో ఇప్పుడు దున్నకుండానే మొక్కజొన్న వేస్తున్నారు.

రేపల్లెకు నీటి గండం ఏటి వైపు నుంచీ ఉంది. 2009 అక్టోబరులో కర్నూలును ముంచిన వరదే ఓలేరు దగ్గర కరకట్టకు గండి కొట్టింది. 2024 సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైంది, లంకల్లో అరటి, పసుపు, కంద మునిగాయి. నిజాంపట్నం వైపు మడ అడవులు ఉప్పెన ఊపును కొంత తగ్గిస్తాయి. వాటి పక్కనే రొయ్యల చెరువులు ఉన్నాయి.