దెయ్యాల లంకలో రెండు రోజులు

"దెయ్యాలను చూడటానికి సముద్రం దాటాలటండీ? మన ఊరి చింతచెట్టు కింద లేవూ?" అన్నది మా ఆవిడ. మెల్‌బోర్న్‌లో ఉన్న మా అమ్మాయి నవ్వి, "ఇవి నాలుగు కాళ్ళ దెయ్యాలమ్మా, నిజంగానే కనబడతాయి" అన్నది. అట్లా బయలుదేరాము టాస్మేనియాకు.

ఆస్ట్రేలియాకు దక్షిణాన, సుమారు 240 కిలోమీటర్ల జలసంధికి ఆవల ఉన్న లంక అది. గీలాంగ్‌లో సాయంత్రం ఓడ ఎక్కితే తెల్లవారేసరికి డెవన్‌పోర్ట్ రేవులో దించుతుంది. అది మార్చి నెల. మనకు ఎండలు ముదిరే రోజులు, వాళ్ళకు ఆకు రాలే కాలం. ఓడ దిగేసరికి చలిగాలి చెంపలు వాయించింది. మా ఆవిడ శాలువా కప్పుకుని, అయిదేళ్ళ మనుమరాలిని అందులోకే లాక్కున్నది.

మొదట నరాంటపు అనే రక్షిత వనానికి వెళ్ళాము. రేవు నుంచి కారులో గంటలోపు ప్రయాణం. ఒక ప్రక్క తెల్లని ఇసుక తీరం, మరొక ప్రక్క ఎత్తు తక్కువ కొండలు, నడుమ తివాచీ పరచినట్టు పచ్చిక. పొద్దు వాలేసరికి పొదల్లోంచి వాలబీలు, వాటికంటె చిన్నవైన పాడిమెలన్లు గంతులు వేస్తూ మేతకు వచ్చాయి. కడుపు సంచిలోంచి తల బయటపెట్టి, తల్లితో పాటు గడ్డి కొరుకుతున్న పిల్లను చూచి మనుమరాలు చప్పట్లు కొట్టింది.

నేను వెతికినది వాంబాట్ కోసం. ఎలుగు పిల్లలా బొద్దుగా ఉండి, గడ్డి తిని, నేలలో బొరియలు తవ్వుకునే సాధు జంతువు. దాని పేడ పాచికల్లాగా నలుపలకలుగా ఉంటుందని చదివి మా ఆవిడతో చెబితే నమ్మలేదు. ఒకప్పుడు ఈ పచ్చిక మీద అవి మందలు మందలుగా కనబడేవట. మాకు ఆ సాయంత్రం ఒక్కటి కనబడలేదు. 2010 తరువాత ఏడేళ్ళలో గజ్జి తెగులు తగిలి, నూటికి 94 వంతులు నశించాయని పరిశోధకులు లెక్క తేల్చారు.

విచిత్రం ఏమిటంటే, వాంబాట్ ఒంటరిగా బ్రతికే జీవి. ఒకదాన్నొకటి రాసుకుని తిరగదు. మరి అంటు ఎట్లా అంటింది? బొరియ వల్ల. దానికి సొంత ఇల్లంటూ లేదు. నాలుగు రోజులు ఒక బొరియలో పడుకుని ఇంకొకదానికి మారుతుంది. ఖాళీ అయిన దానిలోకి వేరొకటి వచ్చి పడుకుంటుంది. సత్రంలో గదివంటిదన్నమాట. ముందు దిగినవాడు విడిచిపోయిన గజ్జి పురుగు, తరువాత వచ్చినవాడి కోసం చీకట్లో కాచుకుని ఉంటుంది. శాస్త్రజ్ఞులు బొరియల వాకిళ్ళకు రెక్కలు వ్రేలాడగట్టి, తోసుకుని లోపలికి పోయే జంతువు వీపు మీద మందు ఒలికేటట్టు ఏర్పాటు చేశారు. తెగులు కొంతకాలం వెనుకంజ వేసింది గాని, మందు వేయడం ఆగగానే మళ్ళీ తిరగబడింది.

మరునాడు క్రేడిల్ పర్వతం ప్రాంతంలో, దెయ్యాలను పెంచుతున్న ఒక సంరక్షణశాలకు వెళ్ళాము. చీకటి పడ్డాక మేత వేస్తారు. సంరక్షకురాలు ఒక మాంసపు తునక విసిరిందో లేదో, చీకట్లోంచి ఒక అరుపు! మా ఆవిడ నా చెయ్యి పట్టుకున్నది. తొలినాళ్ళలో వచ్చి స్థిరపడిన తెల్లవారు ఆ అరుపు విని జడిసే దీనికి టాస్మేనియన్ డెవిల్ అని పేరు పెట్టారు. చూడబోతే చిన్న కుక్కంత జంతువు. నల్లని ఒళ్ళు, రొమ్ము మీద తెల్లని పట్టె, ఎర్రని చెవులు. ఎముకలు సైతం పటపట నమిలే దవడలు. చచ్చిన జంతువులను తిని అడవిని శుభ్రం చేస్తుంది.

దీని కష్టం 1996లో బయటపడింది. లంక ఈశాన్య మూలన, మొహం నిండా కంతులతో ఉన్న ఒక దెయ్యం ఫొటోకు చిక్కింది. అవి పుట్టకురుపులు. నోరు మూసుకుపోయి, తిండి లేక, నెలల్లో జంతువు చనిపోతుంది. వ్యాధి పాకిన చోట్ల వీటి సంఖ్య 80 శాతం దాకా పడిపోయింది.

పుట్టకురుపు అంటువ్యాధి కాదని మనకు తెలుసు. కాని ఇది అంటుతుంది! 2006లో ఆన్ మరీ పియర్స్, ఆమె సహచరి కలిసి ఈ చిక్కుముడి విప్పారు. వేర్వేరు దెయ్యాల కురుపుల్లోని క్రోమోజోములన్నీ ఒకే తీరున చెదిరి ఉన్నాయి. అంటే ఏ జంతువు కురుపూ దాని ఒంట్లో పుట్టినది కాదు. ఎప్పుడో చనిపోయిన ఒక ఆడ దెయ్యం కణాలే నోటి నుంచి నోటికి అంటుకట్టినట్టు పాకుతున్నాయి.

వాటిని మోసుకుపోయేది కాటు. ఈ మార్చి నెలే వాటికి జతకట్టే కాలం. మగవి ఆడదాని కోసం కొట్లాడుకుంటాయి. గెలిచినది ఆడదాన్ని గుహలో రోజుల తరబడి కాపలా కాస్తుంది. ఆ కాపురంలోనూ కాట్లే! టాస్మేనియా విశ్వవిద్యాలయానికి చెందిన రోడ్రిగో హమెడే బృందం, మేము చూచి వచ్చిన నరాంటపులోనే దెయ్యాల మెడలకు చిన్న యంత్రాలు కట్టి, ఏది ఎవరి దగ్గరకు పోతున్నదో లెక్క వ్రాసింది. తీరా చూస్తే అన్నీ ఒకే వలలోని ముడులు. ఏ ఒక్కటీ విడిగా లేదు.

ఇంకొక సంగతి వింటే నేను నివ్వెరపోయాను. ఎక్కువ కాట్లు తిన్నదానికంటె, తక్కువ కాట్లు తిన్నదానికే ఈ వ్యాధి ఎక్కువగా వస్తున్నది. కారణం, కరిచేదే ఎదుటిదాని కురుపులో పళ్ళు దించి జబ్బు తెచ్చుకుంటుంది. బలమైనవి, జతకట్టడంలో ముందుండేవి ముందుగా పోతున్నాయి. జబ్బు ముదిరినది మాత్రం తక్కినవాటికి దూరంగా తొలగిపోతుంది.

మామూలుగా జీవులు పలచబడితే అంటు ఆగాలి. ఇక్కడ ఆగదు. పది మిగిలినా, రెండే మిగిలినా, మార్చి వస్తే ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి కదా!

2004 నుంచి 2010 దాకా ఫారెస్టియర్ ద్వీపకల్పంలో జబ్బువాటిని ఏరివేసి చూచారు. ఫలితం లేదు. 2012, 2013 సంవత్సరాల్లో 28 ఆరోగ్యమైన దెయ్యాలను మరియా దీవికి చేర్చారు. అక్కడ అవి చక్కగా వృద్ధి పొందాయి. కాని ఆ దీవిలోని చిన్న పెంగ్విన్ పక్షులు, ఒకప్పుడు 3000 జంటలు, 2021 నాటికి మాయమైనాయి. ఒకరిని బ్రతికించబోతే మరొకరికి ముప్పు. 2014లో ఆగ్నేయాన రెండో రకం అంటు కురుపు కూడా కనబడింది.

అయినా దెయ్యాలు ఇంకా ఉన్నాయి. రెండేళ్ళకు తల్లయ్యే ఆడవి ఇప్పుడు ఏడాదికే అవుతున్నాయి. కొన్నిటికి కురుపులు వాటంతటవే కరిగాయి. వాటి వారసత్వంలోనూ మార్పు వస్తున్నదని 2016లో పరిశోధకులు తెలియజేశారు.

"తాతయ్యా, కరుచుకోవద్దని వాటికి ఎవరూ చెప్పరా?" అన్నది మనుమరాలు.

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఈ పిల్ల 2020లో పుట్టింది. కరోనా వల్ల రాకపోకలు మూసిన ఆ రోజుల్లో, దాదాపు రెండేళ్ళు ఫోనులో తప్ప మేము దీన్ని చూడలేదు. దగ్గరకు పోవద్దని మాకు ఎవరో చెప్పారు, మేము ఏడుస్తూనే విన్నాము. ఆ చెప్పేవాళ్ళు దెయ్యాలకు లేరు.

"చెబితే వినవమ్మా" అన్నాను.

మా ఆవిడ పిల్లను ఎత్తుకుని బుగ్గ మీద ముద్దుపెట్టి, "పాపం, దెయ్యాలన్న పేరే గాని వాటివీ సంసారాలే" అన్నది. వెనక చీకట్లో అవి మళ్ళీ అరిచాయి. ఈసారి ఆమె నా చెయ్యి పట్టుకోలేదు.